గుమ్మపు దీపము వెలిగిన యిండ్లు

న్యూయార్కు మహానగరమందలి గ్రాండ్ సెంట్రల్ స్టేషనులో బయలుదేరి హడ్సను నదీతీరము వెంబడి ఉత్తరదిశగా పోవు రైలులో, అక్టోబరు మాసాంతమున, ఎడమవైపు కిటికీ చెంత చోటు దొరకినవాని భాగ్యము వర్ణింపదగినది. సముద్రపు పోటు లోతట్టుదాక ఎగదన్నుటచేత ఏ దిక్కునకు ప్రవహించుచున్నదో పోల్చరాని విశాలజలరాశి ఒకవంకను, దాని ఆవలి గట్టున పాలిసేడ్సు అను నిట్టనిలువు శిలాకుడ్యమును, ఆ కుడ్యము నెత్తిన రాలుటకు సిద్ధమై రక్తపీతవర్ణములతో మండుచున్న మేపుల్, ఓకు వృక్షముల వరుసయు కన్నుల యెదుట చాలసేపు నడచిపోవును. నేను పోయిన 2024వ సంవత్సరమున ఆ ప్రాంతమునకు వానలు మొగము చాటు చేసినవి. ఫిలడెల్ఫియా నగరమున అక్టోబరు నెలంతయు కొలువదగినంత చినుకైనను రాలలేదు. నేల రాలిన ఆకులు, కాలు మోపినచో, అప్పడములవలె పటపటమని నలుగుచుండెను.

నా ప్రయాణము స్లీపీ హాలో అను గ్రామమునకు. ఎదుటి ఆసనమున కూర్చుండిన యొక వృద్ధుడు నా ప్రయాణోద్దేశమును అడిగి తెలిసికొని నవ్వి, "భూతములను చూచుటకు పోవుచున్నారన్నమాట. అక్కడ సొమ్ము పుచ్చుకొని చూపుదురు. మా వీధికి అవి ఉచితముగా వచ్చెడివి. ఇప్పుడు రావు" అనెను. తన బిడ్డలు పసివారుగా నున్న దినములలో హాలోవీన్ సాయంకాలము వేషములు వేసికొని మిఠాయికై వచ్చు పిల్లలవలన తలుపు మూయుటకు తీరిక చిక్కెడిది కాదట. ఇప్పుడు భార్య పాత అలవాటు మానలేక గిన్నెనిండ మిఠాయి పోసి యుంచుననియు, ఎవ్వరును రాకుండుటచేత మరునాటినుండి దానిని తామిరువురే, వైద్యుని మాటకు విరుద్ధముగా, తిని ముగింపవలసి వచ్చుచున్నదనియు చెప్పెను. "ఈ కాలపు తలిదండ్రులకు ఆ వేడుక రుచించుట లేదు" అని అతని తీర్మానము. టారీటౌన్ స్టేషనులో నేను దిగునప్పుడు ఆ తీర్మానము కూడ నాతో దిగినది.

వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో ప్రకటించిన కథవలన ఈ లోయ లోకప్రసిద్ధమైనది. తల లేని రౌతొకడు రాత్రివేళ గుఱ్ఱమెక్కి ఇకబాడ్ క్రేన్ అను బడిపంతులును తరుముట ఆ కథలోని ప్రధానఘట్టము. అయితే ఈ గ్రామమునకు ఆ పేరు 1996 వరకు అధికారికముగా లేదు. నార్త్ టారీటౌన్ అని పిలువబడుచు, జనరల్ మోటార్స్ వారి కార్ల కర్మాగారమును నమ్ముకొని బ్రతికిన యూరు, ఆ కర్మాగారము మూతపడిన సంవత్సరమే, ప్రజల వోటుతో కథలోని పేరును ధరించినది. ఉన్నతపాఠశాల క్రీడాకారుల జట్టునకును తల లేని రౌతు పేరే. కర్మాగారము చేయి విడిచిన యూరికి కల్పితమైన భూతము కొంత ఆసరా యైనదనుటలో అతిశయోక్తి లేదు. ప్రాచీనమైన డచ్చివారి దేవాలయమును ఆనుకొని యున్న శ్మశానవాటికలో 1859లో మరణించిన ఆ రచయిత సమాధి కలదు. అక్కడికి వచ్చువారిలో ఆయన గ్రంథములను చదివినవారెందరో చెప్పజాలను గాని, రౌతును ఎరుగనివాడు మాత్రము ఒక్కడును ఉండడు.

ఆ రాత్రి సమీపమందలి క్రోటన్ గ్రామమున, వాన్ కోర్ట్‌లాండ్ వారి పురాతనగృహపు ఆవరణములో జరుగు దీపప్రదర్శనమును చూచితిని. చేతితో చెక్కిన 7000కు పైచిలుకు గుమ్మడికాయలు లోపల దీపములతో వెలుగుచు, కొన్నియెడల డైనోసార్లుగను, కొన్నియెడల చేపలుగను, సాలెపురుగులుగను పేర్చబడి యుండెను. టిక్కెట్టు మీద అచ్చువేసిన వేళకు పోయి, వరుసలో నిలిచి, త్రోవ వెంట నడచి, ఆవలి ద్వారమున నిర్గమింపవలెను. కనులపండువ యనుటకు సందేహము లేదు. ఆ శిల్పులకు నమస్కారము. కాని ఆ వేలకొలది దీపముల నడుమ ఒక బిడ్డ యొక పెద్దను ఏమియు అడుగలేదు, ఒక పెద్ద యొక బిడ్డకు ఏమియు పెట్టలేదు. కనుక వృద్ధుని తీర్మానము నిజమో కాదో తేలవలెనన్నచో ఇట్టి వేడుకలు సాక్ష్యమునకు పనికిరావు. సామాన్యులు కాపురముండు ఒక మామూలు వీధిలో, అక్టోబరు 31వ తేదీ సాయంకాలము, ఒక గుమ్మమున కూర్చుండి చూడవలెను. అట్టి గుమ్మమొకటి న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ పట్టణములో మా మేనకోడలికి కలదు.

ఎడిసన్ పట్టణము పూర్వము రారిటన్ టౌన్‌షిప్. అందలి మెన్లో పార్కులో 1876లో ప్రయోగశాల స్థాపించి, 1879లో విద్యుద్దీపమును వెలిగించి చూపిన థామస్ ఎడిసన్ గౌరవార్థము 1954లో ఈ పేరు పెట్టిరి. నేడు అక్కడి ఓక్ ట్రీ రోడ్డున నడచునప్పుడు ఎడిసనుకంటె ముందుగా గుజరాతీ మిఠాయి దుకాణములును, పట్టుచీరల అంగళ్లును, తెలుగు భోజనశాలలును మనకు స్వాగతము చెప్పును. ఆ యేడాది ఒక విశేషము సంభవించినది. దీపావళి అమావాస్య సరిగా అక్టోబరు 31వ తేదీననే, అనగా హాలోవీన్ నాడే, పడినది. అంగళ్లవారికి ఇంతకుమించిన శుభముహూర్తమేది? ఒకే బల్లమీద ప్రమిదలును ప్లాస్టిక్కు పుఱ్ఱెలును ప్రక్కప్రక్కన అమ్ముడుపోవుచుండెను.

మా మేనకోడలి అత్తగారు ఆ వేసవిలో కోనసీమనుండి వచ్చి కొడుకు చెంత ఉండిరి. దీపావళికి ముందుగా ఇల్లంతయు దులిపి, కడిగి, జ్యేష్ఠాదేవిని వెడలగొట్టి లక్ష్మికి ద్వారము తెరచుట ఆమె పుట్టి బుద్ధియెఱిగిన నాటినుండి సాగించుచున్న ఆచారము. ఆమె వీధిగుమ్మమును దులిపి ముగించిన మరుక్షణమే, తొమ్మిదేండ్ల మనుమరాలు, అంగడిలో కొన్న కృత్రిమపు సాలెగూళ్ల పొట్లమును విప్పి ఆ గుమ్మమునకే కట్ట నారంభించినది. ఆమె నా వంక తిరిగి, "అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. లక్ష్మీదేవి వచ్చే వేళకి గుమ్మంలో పుర్రెలూ, బూజూ, చీపురూనా? డబ్బిచ్చి బూజు కొనుక్కోవడం నేనెక్కడా వినలేదు" అనిరి. "నానమ్మా, ఇది ఫేక్ బూజు. లక్ష్మీదేవికి తెలుస్తుందిలే" అని బాలిక సమాధానము. ఈ శాస్త్రార్థమున మధ్యవర్తిగా నియమింపబడుట నాకు సంకటమైనది. తుదకు గుమ్మమునకు కుడిప్రక్క ముగ్గును దీపములును, ఎడమప్రక్క సాలెగూళ్లును మంత్రగత్తె చీపురును ఉండునట్లును, పుఱ్ఱె మాత్రము గుమ్మము విడిచి వీధిచివరి తపాలాపెట్టె క్రిందికి పోవునట్లును సంధి కుదిరినది.

గుమ్మడికాయ విషయమున ఆమెకు ఆక్షేపణ లేకపోవుట గమనింపదగినది. కన్నులు, ముక్కు, కోరపండ్లు చెక్కి గుమ్మమున నిలిపిన ఆ కాయను చూచి, "దిష్టికి గదా, మంచిదే" అని తలయూపిరి. మనవారు ఇంటిముందు బూడిదగుమ్మడికాయను వ్రేలాడగట్టుదురు. దానిమీద కోరమీసముల మొగము చిత్రించువారును కలరు. ఇది అదియే యని ఆమె నిశ్చయించుకొనిరి. కాని కాయను తొలిచి తీసిన గుజ్జును చెత్తబుట్టలో వేయబోగా చూచి సహింపలేక, దానిని పట్టుకొని పోయి దప్పళము పెట్టిరి. చెక్కుటకై పండించు కాయలు నారతో, నీటితో నిండి చప్పగా నుండును గనుక ఆ దప్పళము ఎవరికిని అంతగా రుచింపలేదు. ఆమె మాత్రము రెండు పూటలును పట్టుబట్టి వడ్డించిరి.

ఈ పండుగ పూర్వకథ కొంత చెప్పవలసియున్నది. ఐర్లండు, స్కాట్లండు దేశముల గేలిక్ ప్రజలు పంటలకాలము ముగిసి చీకటికాలము ప్రవేశించు సంధిరాత్రిని సౌయిన్ అను పేర జరుపుకొనుచు, ఆ రాత్రి మృతులకును జీవులకును నడుమనున్న యెల్ల పలుచబడునని నమ్మిరి. క్రైస్తవమతము ప్రబలిన పిదప నవంబరు 1వ తేదీ సకలపుణ్యపురుషుల దినముగను, 2వ తేదీ మృతాత్మల దినముగను ఏర్పడినవి. ఇంగ్లండులో బీదలును బాలురును ఇంటింటికి పోయి, ఆ యింటి పితరులకై ప్రార్థింతుమని చెప్పి చిన్న రొట్టెలను పుచ్చుకొనెడివారు. స్కాట్లండులో పిల్లలు మొగములకు మసి పూసికొని మారువేషములతో వచ్చి, ఒక పాటయో పద్యమో చదివి, ఆపిలుపండ్లును గింజలును సంపాదించెడివారు. అక్కడ దీపపు బుఱ్ఱగా తొలచినది టర్నిప్ దుంపను. 1840ల దశకపు బంగాళాదుంపల కరవులో ఓడలెక్కి వచ్చిన ఐరిష్ ప్రజలు అమెరికాలో దుంపకంటె పెద్దదియు, తొలుచుటకు సులువైనదియు నగు గుమ్మడికాయను పట్టుకొనిరి. మనలో దీపావళినాటి సాయంకాలము పితృదేవతలకు త్రోవ చూపుటకై దివిటీ లెత్తు ఉల్కాదానము శాస్త్రోక్తమై యున్నది. గోగుపుల్లలకు నూనెగుడ్డలు చుట్టి వెలిగించి పిల్లలు నేల కొట్టుట ఇప్పటికిని కొన్ని యూళ్లలో కలదు. ఇంతమాత్రముచేత రెండును ఒకే పండుగ యని తేల్చి సంతోషించు పండితుల త్రోవ నాకు రుచింపదు. చీకటి దినములు వచ్చునప్పుడు దీపము పెట్టవలెనని తోచుటకు మానవుడు ఒకరివద్ద నేర్వవలసిన పని లేదు.

అమెరికాలో ఈ రాత్రి చిరకాలము మిఠాయికంటె అల్లరికే ప్రసిద్ధమై యుండెను. వీధితలుపులను ఊడదీసి పారవేయుట, బండ్లను విప్పి ఇంటికప్పుల మీద మరల బిగించుట, కిటికీ అద్దములకు సబ్బు పూయుట కుఱ్ఱవాండ్ర వినోదములు. మిన్నెసోటా రాష్ట్రమున అనోకా పట్టణపు పెద్దలు, వీధులలో ఆవులను తోలి విడుచు పిల్లల ధాటికి తాళలేక, 1920లో ఊరేగింపును, తినుబండారములను ఏర్పాటుచేసి వారిని మళ్లించిరి. ఐయోవాలోని డెమోయిన్ నగరమువారు 1938లో అక్టోబరు 30వ తేదీని బిచ్చగాండ్ర రాత్రిగా నిర్ణయించి, పిల్లలు ఒక హాస్యోక్తి చెప్పిన గాని మిఠాయి పెట్టరాదని నియమించిరి. మిఠాయి పెట్టెదరా, అల్లరి చేయమందురా అని అర్థమిచ్చు "ట్రిక్ ఆర్ ట్రీట్" అను కేక 1927లో కెనడాదేశపు ఆల్బర్టా పత్రికలో కనబడుచున్నది. అనగా ఇది శాసనముల వలనను ఉపదేశముల వలనను గాక, పెద్దలు లంచమిచ్చి పిల్లలతో చేసికొన్న సంధివలన నిలిచిన ఆచారము. రెండవ ప్రపంచయుద్ధమున చక్కెరకు కట్టుబాటు పెట్టుటచేత కుంటువడి, 1947లో ఆ కట్టుబాటు తొలగిన పిమ్మట ఇది దేశమంతట అల్లుకొనినది. అప్పుడే నగరముల చుట్టును, ఒకే యెత్తున, ఒకే వరుసను, వీధివైపు గుమ్మములతో వేలకొలది యిండ్లు లేచినవి. ప్రతి యింటను పసిబిడ్డలుండిరి. ఇంటింటికి నడచుటకు అంతకంటె అనువైన వీధులను దేవశిల్పి విశ్వకర్మయైనను కల్పింపజాలడు. 1950లో ఫిలడెల్ఫియాలో ఒక మతాచార్యుడును ఆయన భార్యయు మిఠాయికి బదులు పరదేశపు బిడ్డలకొరకు నాణెములు అడుగుడని తమ పిల్లలను పంపగా 17 డాలర్లు వచ్చినవట. యునిసెఫ్ వారి పేర వీధులలో తిరిగిన నారింజరంగు పెట్టెలకు మూలమది.

న్యూజెర్సీలో ఆ పాత అల్లరి పూర్తిగా చావలేదు. 30వ తేదీ రాత్రిని అక్కడ మిస్‌చీఫ్ నైట్ అందురు. కోడిగ్రుడ్లు విసరుట, చెట్లకు కాగితపు చుట్టలు చుట్టుట ఆనాటి కార్యక్రమము. ఎదురింటివారి సలహా చొప్పున మేము గుమ్మడికాయలను రాత్రికి లోపల చేర్చితిమి. తెల్లవారి చూడగా వీధిలో ఒకానొక చెట్టుమాత్రము తెల్లని తోరణములతో శోభిల్లుచుండెను.

31వ తేదీ గురువారము. అక్టోబరు మాసాంతమున కోటు లేక బయటికి రాలేని దేశమున ఆనాడు మన కార్తికమాసపు పగలువలె వెచ్చగా నుండెను. సూర్యుడస్తమింపకమున్నె ముగ్గునందు ప్రమిదలు వెలిగినవి; లోపల లక్ష్మీపూజ ముగిసినది; పట్టులంగా విడిచి బాలిక గబ్బిలపు రెక్కలు తగిలించుకొనినది. ఇక్కడి ముఖ్యమైన మర్యాద ఏమనగా, గుమ్మపు దీపము వెలిగియున్న యింటికి మాత్రమే పోవలెను. ఆర్పియున్న యింటివైపు చూడరాదు. ఇంటివారిని తప్పుపట్టువారు లేరు, కారణమడుగువారును లేరు. ఒక్క విద్యుద్దీపపు మీట రమ్మనుటకును వద్దనుటకును చాలియుండుట చూడగా, ఆ పట్టణమునకు ఎడిసన్ నామధేయము సార్థకమే యనిపించినది.

మొదట వచ్చినవారు నడక నేర్చి యేడాదియైన నిండని పసివారు. బొద్దుగా ఎలుగుబంటి తొడుగులో కూర్చబడి, తోపుడుబండిలో తేబడి, గిన్నెలో చేయిపెట్టి తీసికొన్నది మరల గిన్నెలోనే వేయుచు, తమ కార్యమేమో తామెరుగక యుండిరి. తలిదండ్రులు గుమ్మమువఱకు రాక, కాలిబాట మీదనే నిలిచి, కాఫీ కప్పులతో ఒకరినొకరు పలుకరించుకొనుచు, "థాంక్యూ చెప్పావా?" అని దూరమునుండి ప్రాంప్టు చేయుచుండిరి. చీకటిపడిన కొలది గుంపులు చిక్కబడినవి. రాకుమార్తెలు, వ్యోమగాములు, సాలీడువీరులు, అగ్నిమాపకదళము, ఒక హనుమంతుడు. ఆ గదాధారి గుజరాతీవారి బిడ్డ. ప్రక్కన నడచు చీనావారి బాలుడు తన వెదురుకత్తిని అతని గదతో మార్చుకొందమని బేరము పెట్టుచుండెను. ఒక యింటిముందు పన్నెండడుగుల అస్థిపంజరము నిలువబడి యుండగా దాని మెడలో బంతిపూలదండ వ్రేలాడుచుండెను. ఇది భక్తియో పరిహాసమో నేను అడుగలేదు. మా ప్రక్కయింటివారు ఊరిలో లేనందున గుమ్మమున ఒక గిన్నె పెట్టి, ఒక్కటే తీసికొనుడని చీటి అంటించి పోయిరి. చాలమంది ఒక్కటే తీసికొనిరి. ఒకడు చీటిని శ్రద్ధగా చదివి, అటునిటు చూచి, గిన్నెను సంచిలో బోర్లించెను. కలికాలమనుటకు మనసొప్పలేదు, అక్షరాస్యత పనిచేయలేదు గాని ధైర్యసాహసములు మెచ్చదగినవి.

మా మేనకోడలి అత్తగారు గుమ్మమున కుర్చీ వేసికొని ఇదంతయు చూచుచు, తన చిన్ననాట దసరాకు బడిపంతులు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి వచ్చుట జ్ఞాపకము చేసికొనిరి. రంగుకాగితము లంటించిన విల్లంబులు పట్టి, పద్యములు పాడి, పంతులుగారికి దక్షిణయు పిల్లలకు పప్పుబెల్లములును పుచ్చుకొని పోయెడివారట. "అప్పుడు మేమూ ఇలాగే పరుగెత్తేవాళ్లం. కాని మాకు పద్యం రాకపోతే పప్పుబెల్లాలు లేవు. వీళ్లకి ఒక్క ముక్క చాలు" అని ఆమె ఆక్షేపణ. డెమోయిన్ నగరపు నియమమును చెప్పగా ఆమె సంతసించి, ఆ నగరమువారు బుద్ధిమంతులని నిర్ణయించిరి.

ఆమెకు గల నిజమైన వ్యథ వేరు. పండుగకని స్వయముగా చేసిన సున్నుండలు డబ్బానిండ లోపలనుండగా, వచ్చిన బిడ్డలకు కంపెనీవారి కాగితము చుట్టిన చాక్లెట్లను మాత్రమే పెట్టవలసివచ్చినది. ఇంటిలో చేసిన వస్తువును, కాగితము విప్పియున్న దేనిని, తలిదండ్రులు తిననీయరు. ఈ నియమము వెనుక రెండు ఘోరకృత్యములున్నవి. 1974లో టెక్సాసు రాష్ట్రమున హాలోవీన్ రాత్రి సైనైడు కలిపిన మిఠాయి తిని ఎనిమిదేండ్ల బాలుడు మరణించెను. బీమాసొమ్ముకై ఆ విషము పెట్టినవాడు పొరుగువాడు కాడు, ఆ బాలుని తండ్రియే. అతనికి 1984లో మరణశిక్ష జరిగినది. 1982లో చికాగో ప్రాంతమున నొప్పిమాత్రలలో ఎవరో సైనైడు చేర్చుటచే ఏడుగురు చనిపోయిరి. అది హాలోవీన్‌కు నెలముందరి మాట. మిఠాయితో దానికి సంబంధమే లేదు. అయినను అట్టి భయములచేత పిల్లల సంచులను ఎక్స్‌రే తీయించు ఆసుపత్రులు వెలసినవి. డెలవేర్ విశ్వవిద్యాలయపు సామాజికశాస్త్రజ్ఞుడు జోయెల్ బెస్ట్ 1958నుండి పత్రికలలో వచ్చిన ఇట్టి వార్తలనన్నిటిని వెదకి, ముక్కుమొగము తెలియనివాడు గుమ్మమున పెట్టిన మిఠాయివలన ఏ బిడ్డయు చచ్చినట్లు గాని, గట్టి హాని పొందినట్లు గాని నిదర్శనము దొరకలేదని వ్రాసెను. నిజమైన అపాయము వీధిలోనే యున్నది. 1975 మొదలు 2016 వఱకు గల లెక్కలను పరిశీలించిన వైద్యులు, ఆ సాయంకాలము కార్ల క్రిందపడి పాదచారులు మరణించుట ఇతర సాయంకాలములకంటె 43 శాతము అధికమని తేల్చిరి. కారును చూచి భయపడవలసినవారు పొరుగువానిని చూచి భయపడిరి. దానికి విరుగుడుగా కనిపెట్టిన ఉపాయము కారే యగుట వింత. చర్చీల ఆవరణములలో కార్లను వరుసగా నిలిపి, వెనుకడిక్కీలను తెరచి అలంకరించి, వానినుండి మిఠాయి పంచుదురు. ట్రంక్ ఆర్ ట్రీట్ అని దాని పేరు. వర్షము వచ్చినను, పల్లెలో ఇండ్లు దూరదూరముగా నున్నను అది పనికివచ్చునని ఒప్పుకొందును. కాని గుమ్మమునకు బదులు డిక్కీ యెదుట నిలిచిన బిడ్డ, తన వీధిలో ఏ యింట ఎవరుందురో ఎప్పుడు తెలిసికొనును?

రాత్రి తొమ్మిదింటి ప్రాంతమున, మూతిమీద నూనూగు మీసములుగల నలుగురు కుఱ్ఱవాండ్రు, వేషమన్నది పేరునకు ఒక టోపీ మాత్రముగా, దిండుగలీబులు పట్టుకొని వచ్చిరి. వీరికి పెట్టవచ్చునా యను చర్చ ఆ దేశమున ప్రతి యేట చెలరేగును. వర్జీనియాలోని చెసపీక్ నగరమున పన్నెండేండ్లు దాటినవాడు ఈ యాచనకు బయలుదేరినచో జైలుశిక్ష విధించు శాసనము 1970నుండి పుస్తకములలో నుండగా, 2019లో జైలు మాట తీసివేసి వయఃపరిమితిని పద్నాలుగేండ్లకు పెంచిరి. మా మేనకోడలి యభిప్రాయము వేరు: "మామయ్యా, ఈ వయసు పిల్లలు ఈ వేళప్పుడు వీధిలో తిరుగుతూ చాక్లెట్ అడుగుతున్నారంటే అంతకన్న అదృష్టం ఏముంటుంది?" అత్తగారు కుఱ్ఱవాండ్ర ఎముకలు చూచి జాలిపడి, నియమమును ప్రక్కకు నెట్టి, సున్నుండల డబ్బాను తెచ్చి వారి ముందుంచిరి. వారు ఒకరి మొగములొకరు చూచుకొనిరి. ఒకడు తీసికొని నోటవేసికొని, నేయి అంటిన పెదవులతో, "ఇంకొకటి తీసుకోవచ్చా?" అని అడిగెను. ఆ పిమ్మట వారు ఆ డబ్బాకు చేసినది రాక్షసకృత్యమే.

వృద్ధుని తీర్మానమునకు ఇప్పుడు రావచ్చును. వ్యాపారసంఘమువారి అంచనాయందు 2024లో ఈ పండుగకై అమెరికనులు వెచ్చింపబోవు సొమ్ము 1,160 కోట్ల డాలర్లు. అంతకు ముందటి సంవత్సరము అది 1,220 కోట్లు. ఈ లెక్కలు అమ్మకమును చెప్పును గాని ఆనందమును చెప్పజాలవు. నేను చూచినది చెప్పెదను. ఆ వీధిలో తలిదండ్రులు తొందరలేక తిరుగుచుండిరి. కొందరు తామును వేషము వేసికొని యుండిరి. పక్కవీధివారి పేర్లు ఆ రాత్రి తెలిసికొన్నవారు అనేకులు. వృద్ధుడు అబద్ధమాడలేదు, అతని వీధి అతనితోపాటు ముసలిదైనది. ఈ దేశమున ఒక వీధి యిండ్లన్నిటిని ఒకే యీడు దంపతులు కొందురు. వారి పిల్లలు ఏకకాలమున పెరిగి వెడలిపోవుదురు. పెద్దలు ఇల్లు విడువలేక మిగులుదురు. అంతట పిల్లలు వేరొక వీధిలో నుందురు గాని, లేకపోరు. ఎడిసన్‌లో మా మేనకోడలి వీధియు ఒకనాడు అట్లే నిర్మానుష్యమై యుండెనని ఎదురింటి ముసలమ్మ చెప్పినది. "మీవాళ్లు కొనడం మొదలుపెట్టాక మళ్లీ నాకు మిఠాయి చాలడం లేదు" అని ఆమె నవ్వుచు ఫిర్యాదు చేసెను. తమ పుట్టినయూళ్లలో ఈ పండుగ పేరైన విననివారు ఆ వీధికి మరల దీపము పెట్టిరి. కారులెక్కి దూరపు బీదపేటలనుండి బిడ్డలను తెచ్చి మంచి వీధులలో దింపువారిని గూర్చి కొందరు సణుగుట కూడ ఆ రాత్రి వింటిని. గుమ్మములు లేని అపార్టుమెంటులలో కాపురముండు బిడ్డ, గుమ్మమున్న యింటికి గాక మరెచ్చటికి పోవును? ఆ సణుగుడును నేను పట్టించుకొనలేదు. మా మేనకోడలు వారికి ఇంకొక గుప్పెడు అధికముగా పెట్టినది.

అందరును మరలిపోయిన వెనుక కాకరపువ్వొత్తులు రెండు మూడు కాల్చితిమి. అనావృష్టివలన అగ్నిభయముండుటచే అంతకు మించి సాహసింపలేదు. పిదప హాలులో తివాచీ మీద బాలిక తన సంచిని కుమ్మరించి, ఎదురింటి బాలునితో వ్యాపారమునకు కూర్చుండినది. వేరుసెనగ గలవి అతనికి పడవు గనుక వానిని పుచ్చుకొని, బదులుగా పులుపు గోళీలను ఇచ్చినది. తండ్రి నడుమ చేయిపెట్టి పన్ను పేర రెండు చాక్లెట్లు వసూలు చేసెను. బేరములన్నియు ముగిసిన పిమ్మట ఎవరికిని అక్కరలేని యొక చిన్న కుప్ప మిగిలినది. అవి కొబ్బరికోరు నింపిన చాక్లెట్లు. అమెరికా బాలబాలికలు వానిని ముట్టరట. "తాతయ్యా, నువ్వు కొబ్బరి తింటావుగా?" అని బాలిక ఆ కుప్పనంతయు నా వంకకు నెట్టినది. కోనసీమ వియ్యపురాలు ఒకటి విప్పి నోట వేసికొని, కొబ్బరి పాతదనియు, చక్కెర మిక్కుటమనియు చెప్పి, ఇంకొకటి తీసికొనిరి.